2024 లోక్‌సభ ఎన్నికలు: పోలింగ్ శాతం, ప్రాంతాలవారీ ఫలితాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పోలింగ్ శాతాల గురించి, ఏ ప్రాంతంలో ఏ పార్టీకి ఎన్ని సీట్లు వచ్చాయన్న దాని గురించి మాట్లాడుకున్న ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ఓటర్ల జాబితా నుంచి ఫలితాల విశ్లేషణ దాకా వరుసగా పెట్టాను గానీ, ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నగా చదువుకోవచ్చు.

## పోలింగ్‌కు ముందు: జాబితా, పొత్తులు

పోలింగ్ శాతం అంటే దేనిలో శాతం? జనాభాలోనా, ఓటర్లలోనా?

ఓటర్ల జాబితాలో పేరున్నవారిలో. 2024లో జాబితాలో ఉన్నవారు 97.97 కోట్లు, ఓటేసినవారు 64.64 కోట్లు. పోలింగ్ కేంద్రాల్లో నమోదైన ఓటింగ్‌కు ఎన్నికల సంఘం ఇచ్చిన లెక్క 65.79 శాతం. పోస్టల్ ఓట్లను కలపడం, కలపకపోవడాన్ని బట్టి ఈ అంకె కొద్దిగా అటూఇటూ అవుతుంది.

శాతం చూసేటప్పుడు పైన ఉన్న అంకెతో (ఓటేసినవారు) పాటు కింద ఉన్న అంకెనూ (జాబితాలో ఉన్నవారు) చూడాలి. చనిపోయినవారి పేర్లు, ఇల్లు మారిపోయినవారి పేర్లు తొలగించకపోతే జాబితా ఉబ్బుతుంది. అప్పుడు ఓటేసినవారు తగ్గకపోయినా శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. నగరాల్లో ఇది మరీ ఎక్కువ.

2019 కంటే శాతం తగ్గింది కదా, అంటే తక్కువ మంది ఓటేశారా?

లేదు, ఎక్కువ మందే వేశారు. 2019లో 67.40 శాతం ఉన్నది 2024లో 65.79కి దిగింది. అదే కాలంలో జాబితా 91.19 కోట్ల నుంచి 97.97 కోట్లకు పెరిగింది. అందువల్ల ఓటేసినవారి సంఖ్య మూడు కోట్లకు పైగా పెరిగింది. కొత్తగా చేరిన పేర్లంత వేగంగా ఓటింగ్ పెరగలేదు, అంతే. ‘జనం ఎన్నికల మీద విసిగిపోయారు’ అని ఒక్క శాతం చూసి తేల్చేయడం తొందరపాటు.

మావాళ్లు అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నారు. వాళ్ల ఓట్లు ఈ లెక్కలోకి వస్తాయా?

భారత పౌరసత్వం వదులుకోనివారు ఫారం 6ఎ ద్వారా ప్రవాస ఓటర్లుగా నమోదు కావచ్చు. అయితే పోలింగ్ రోజున సొంత ఊరి బూత్‌కు స్వయంగా, ఒరిజినల్ పాస్‌పోర్టుతో రావాలి. ఆన్‌లైన్ ఓటు లేదు, వారికి పోస్టల్ ఓటూ లేదు. 2024లో దేశం మొత్తం మీద సుమారు 1.19 లక్షల మంది నమోదు చేసుకుంటే వచ్చి ఓటేసినవారు మూడు వేలు కూడా లేరు, అందులోనూ అత్యధికులు కేరళవారే. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనవారు దాదాపు ఎనిమిది వేలు, ఓటేసినవారు రెండు వందల లోపు. విమాన టికెట్ కొనుక్కుని వస్తే తప్ప వాడుకోలేని హక్కు ఎంతమందికి అందుతుంది? ఈ పద్ధతి మారాలన్నది నా గట్టి అభిప్రాయం.

పొత్తుల లెక్క తెలియకుండా ఓట్ల శాతం పోల్చవచ్చా?

పోల్చకూడదు. 2024లో బీజేపీ 441 స్థానాల్లో పోటీ చేసింది, కాంగ్రెస్ 328లో. కాంగ్రెస్‌కు వచ్చిన 21.19 శాతం దేశం మొత్తం ఓట్లలో లెక్క. పోటీ చేయని 215 స్థానాల్లో ఆ పార్టీకి సున్నా ఓట్లు కదా, ఆ సున్నాలన్నీ కలిపాక వచ్చిన అంకె అది. పార్టీ ఎన్ని స్థానాల్లో బరిలో ఉందో పక్కనే రాసుకోకుండా ఓట్ల శాతాల పట్టిక చూడటం వల్లే సగం వాదనలు పుడుతున్నాయి.

## పోలింగ్ రోజు

సాయంత్రం ఒక శాతం, మర్నాడు ఇంకో శాతం ఎందుకు చెబుతారు?

పగలంతా టీవీలో కనిపించేది అంచనా. 2024లో రెండేసి గంటలకోసారి క్షేత్రస్థాయి సిబ్బంది బూత్‌ల నుంచి తెలుసుకున్న అంకెలు పైకి పంపేవారు, అవి ఓటర్ టర్నౌట్ యాప్‌లో కనిపించేవి. అప్పటికి చాలాచోట్ల పోలింగ్ నడుస్తూనే ఉంటుంది. మారుమూల తండాల నుంచి, కొండల మీది గూడేల నుంచి సిబ్బంది యంత్రాలతో, కాగితాలతో తిరిగి వచ్చేసరికి అర్ధరాత్రి దాటవచ్చు, మర్నాడు కావచ్చు. ఆ కాగితాలు చేరాకే అసలు అంకె తేలుతుంది. రీపోలింగ్ ఉంటే ఇంకా ఆలస్యం.

ఆంధ్రప్రదేశ్‌లో ఆరు గంటలకు పోలింగ్ అయిపోవాలి కదా, అర్ధరాత్రి దాకా ఎలా జరిగింది?

గడువు ముగిసేసరికి వరుసలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఓటు హక్కు ఉంటుంది. సమయం కాగానే ప్రిసైడింగ్ అధికారి వరుసలో ఉన్నవారికి నంబరు వేసిన చీటీలు ఇస్తారు. ఆ పంపకం వరుస చివరన నిల్చున్న మనిషితో మొదలవుతుంది, తలుపు దగ్గరున్నవారితో కాదు. ముందు నుంచి ఇస్తూ వస్తే వెనకాల కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు. చివరి మనిషి చేతిలో ఒకటో నంబరు చీటీ పడ్డాక ఇంకెవరూ చేరలేరు.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకు, శాసనసభకు కలిపి పోలింగ్ జరిగింది. ప్రతి ఓటరూ రెండు యంత్రాల దగ్గర రెండు ఓట్లు వేయాలి. జనం పోటెత్తడంతో చివరి కేంద్రంలో పోలింగ్ ముగిసేసరికి రాత్రి 2 గంటలైంది. బల్బు వెలుతురులో చంటిపిల్లల్ని ఎత్తుకుని నిల్చున్న ఆ వరుసలే రాష్ట్రాన్ని 80 శాతం దాటించాయి.

ఫారం 17సి అంటే ఏమిటి? దాని మీద అంత గొడవ ఎందుకు?

పోలింగ్ ముగిశాక ప్రతి బూత్‌లో ప్రిసైడింగ్ అధికారి నింపే లెక్క పత్రం అది. ఆ బూత్‌లో ఓటర్లు ఎంతమంది, రిజిస్టర్‌లో ఎంతమంది పేర్లెక్కాయి, యంత్రంలో ఎన్ని ఓట్లు పడ్డాయి, వచ్చి కూడా ఓటేయకుండా వెనుదిరిగినవారు ఎందరు, ఏ నంబరు యంత్రం, ఏ సీలు... అన్నీ అందులో ఉంటాయి. 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 49ఎస్ ప్రకారం దాని నకలు అక్కడున్న పోలింగ్ ఏజెంట్లకు ఇవ్వాలి.

2024 తొలి దశ పోలింగ్ ఏప్రిల్ 19న జరిగితే తుది శాతం ఏప్రిల్ 30న వచ్చింది, అదీ శాతమే గానీ ఓట్ల సంఖ్య లేదు. అనుమానాలు రేగాయి, విషయం సుప్రీంకోర్టుకు చేరింది. మే 24న కోర్టు మధ్యంతర ఆదేశాలు ఇవ్వలేదు. మర్నాడే ఎన్నికల సంఘం అప్పటిదాకా జరిగిన ఐదు దశలకు నియోజకవర్గాలవారీగా పోలైన ఓట్ల సంఖ్యలు బయటపెట్టింది. ఈ సంఖ్యలు మొదటి రోజు నుంచే ఇచ్చి ఉంటే అంత అపనమ్మకం పెరిగేది కాదు.

పోలైన ఓట్లకూ లెక్కించిన ఓట్లకూ తేడా వస్తే అది మోసమేనా?

తేడా కనిపించగానే మోసం అనలేం. యంత్రాల్లో పోలైన సంఖ్యలో పోస్టల్ ఓట్లు ఉండవు, తుది ఫలితంలో ఉంటాయి. అందువల్ల లెక్కించినవి ఎక్కువ కనిపించవచ్చు. తక్కువ కనిపించడానికీ కారణం ఉంది: ఉదయం యంత్రాన్ని పరీక్షించే మాక్ పోల్‌లో వేసిన ఓట్లను చెరిపేయడం మర్చిపోయిన యంత్రాలను పక్కన పెడతారు. గెలుపు ఆధిక్యం ఆ పక్కన పెట్టిన ఓట్ల కంటే తక్కువగా ఉంటేనే వాటి సంగతి చూస్తారు. తేడా ఎక్కడ, ఏ బూత్‌లో అన్నది 17సి నకళ్లు చేతిలో ఉంటే తేలిపోతుంది. అందుకే బూత్‌లో ఏజెంటు చివరిదాకా కూర్చుని నకలు తీసుకోవడం ఏ పార్టీకైనా అన్నిటికంటే ముఖ్యమైన పని.

## ప్రాంతాలవారీగా పోలింగ్

దేశంలో ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ?

రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలన్నిటిలో లక్షద్వీప్ 84 శాతం దాటి ముందుంది. బిహార్ 56 శాతం దగ్గర అడుగున ఉంది, ఉత్తరప్రదేశ్ దానికి కాస్త పైన. అస్సాం, పశ్చిమ బెంగాల్, త్రిపుర, ఆంధ్రప్రదేశ్ దాదాపు 80, ఆ పైన. నియోజకవర్గాల్లో అస్సాంలోని ధుబ్రి 92 శాతంతో మొదటిది.

శ్రీనగర్‌ది 38 శాతమే, నియోజకవర్గాల్లో అట్టడుగు. కానీ 2019లో అక్కడ 14 శాతమే. ఆ పెరుగుదలే 2024లో నాకు కనిపించిన అతి ముఖ్యమైన అంకెల్లో ఒకటి. ఇందుకు విరుద్ధంగా నాగాలాండ్ తూర్పు జిల్లాలు ఆరింటిలో ప్రత్యేక పాలనా ప్రాంతం డిమాండ్‌తో జనం ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయారు. నాలుగు లక్షలకు పైగా ఓటర్లున్న చోట బూత్‌లు ఖాళీగా కనిపించాయి.

బిహార్, యూపీల్లో అంత తక్కువ ఎందుకు?

పెద్ద కారణం వలస. పేరు ఊళ్లో ఉంటుంది, మనిషి పంజాబ్ పొలంలోనో, సూరత్ మిల్లులోనో, హైదరాబాద్‌లో కడుతున్న అపార్ట్‌మెంటు దగ్గరో ఉంటాడు. బిహార్‌లో 2024లో మహిళల ఓటింగ్ పురుషుల కంటే దాదాపు ఆరు శాతం ఎక్కువ. ఊళ్లో మిగిలింది ఎవరో ఆ తేడాయే చెబుతోంది. దేశవ్యాప్తంగానూ మహిళలు 65.78, పురుషులు 65.55 శాతం. మే, జూన్ ఎండలు కూడా తోడయ్యాయి. ఉక్కపోత కంటే వలసకే ఎక్కువ బరువు ఇవ్వాలి, ఎందుకంటే ఈ రెండు రాష్ట్రాలు 2024కు ముందు చల్లని నెలల్లో జరిగిన ఎన్నికల్లోనూ వెనకే ఉన్నాయి.

హైదరాబాద్‌లో 50 శాతం కూడా దాటదెందుకు? చదువుకున్నవాళ్లకు బాధ్యత లేదా?

తెలంగాణలో 2024 పోలింగ్ సుమారు 65.7 శాతం. భువనగిరిలో 76.78, హైదరాబాద్‌లో 48.48. తేడా నిజమే, దానికి నగరవాసుల్ని తిట్టిపోయడం మాత్రం సులువైన పని. అద్దె ఇల్లు మారినప్పుడల్లా ఓటు మార్చుకోనివారు వేలల్లో. పాత చిరునామాలో పేరు అలాగే ఉంటుంది, బూత్ పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పైగా ఆ రోజే ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలింగ్. అక్కడ ఓటున్నవారంతా రెండు రోజుల ముందే బస్సులు, రైళ్లు, కార్లు పట్టుకుని వెళ్లారు, విజయవాడ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన వాహనాలు అందరికీ గుర్తే. రెండు చోట్లా పేరున్నవారు ఒకచోట ఓటేస్తే రెండో చోట శాతం తగ్గుతుంది. బద్ధకం లేదని కాదు, అది ఎంత వాటా అన్నది జాబితా శుభ్రం చేశాకే తెలుస్తుంది.

రెండు మూడు నియోజకవర్గాల సగటు నేనే తీసుకుంటే అధికారిక అంకెతో కలవట్లేదు. ఎక్కడ తప్పుతోంది?

శాతాలను కూడి భాగించడం దగ్గరే. మల్కాజిగిరి ఓటర్లు సుమారు 37.8 లక్షలు, దేశంలోనే అతి పెద్ద నియోజకవర్గం. పోలింగ్ 50.78 శాతం. భువనగిరి ఓటర్లు సుమారు 18 లక్షలు, పోలింగ్ 76.78. రెండు శాతాలు కూడి సగం చేస్తే దాదాపు 64 వస్తుంది. పోలైన ఓట్లు రెండూ కూడి, మొత్తం ఓటర్లతో భాగిస్తే దాదాపు 59 వస్తుంది. సరైనది రెండోది. ఏ ప్రాంతానికైనా ముందు సంఖ్యలు కూడండి, శాతం చివర్లో తీయండి. ఓట్ల శాతానికీ ఇదే సూత్రం.

మా ఆంధ్రలో ఎక్కడ ఎక్కువ?

లోక్‌సభ స్థానాల్లో ఒంగోలు 87 శాతంతో అన్నిటికంటే పైన, విశాఖపట్నం 71తో అడుగున. అడుగున ఉన్న విశాఖ కూడా దేశ సగటు కంటే మెరుగే. రాష్ట్రం మొత్తం యంత్రాల్లో పడినవి 80.66 శాతం, పోస్టల్ కలిపితే 81.86. శాసనసభ ఎన్నిక కూడా అదే రోజు కావడం, ఊళ్లో పోటీ హోరాహోరీగా ఉండటం, బయటి ఊళ్ల నుంచి జనం తిరిగి రావడం ప్రధాన కారణాలు.

## ఫలితాలు: ఎవరికి ఎక్కడ

మొత్తం ఫలితం ఒక్కసారి చెప్పండి.

543 స్థానాల్లో బీజేపీకి 240, కాంగ్రెస్‌కు 99, సమాజ్‌వాదీ పార్టీకి 37, తృణమూల్‌కు 29, డీఎంకేకు 22, టీడీపీకి 16, జేడీయూకు 12. ఎన్డీయే 293, ఇండియా కూటమి 234. సూరత్ ఏకగ్రీవం కావడంతో పోలింగ్ జరిగింది 542 చోట్లే.

బీజేపీ ఓట్లు ఒక్క శాతం కూడా తగ్గలేదు, 63 సీట్లు ఎలా పోయాయి?

2019లో 37.36 శాతం, 303 సీట్లు. 2024లో 36.56 శాతం, 240 సీట్లు. జాతీయ సగటు అసలు కదలికను కప్పేసింది. ఉత్తరప్రదేశ్‌లో ఆ పార్టీ ఓట్లు దాదాపు 50 శాతం నుంచి 41కి పడి, సీట్లు 62 నుంచి 33 అయ్యాయి. మహారాష్ట్రలో 23 నుంచి 9, రాజస్థాన్‌లో 24 నుంచి 14, హర్యానాలో 10 నుంచి 5. మరోవైపు తమిళనాడు వంటి చోట ఓట్లు బాగా పెరిగినా సీటు రాలేదు. ఓట్లు పోయింది సీట్లున్న చోట, వచ్చింది సీట్లు అందని చోట.

నికరంగా సీట్లు పెరిగిన ముఖ్యమైన చోటు ఒడిశా, 8 నుంచి 20. అక్కడ బిజూ జనతాదళ్‌కు 37 శాతానికి పైగా ఓట్లు వచ్చి ఒక్క సీటూ రాలేదు. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపే అనే మన పద్ధతిలో ఇదెంత క్రూరంగా ఉంటుందో ఆ ఫలితం చూస్తే తెలుస్తుంది.

దక్షిణాదిలో బీజేపీ పెరిగిందా, తగ్గిందా?

ఐదు రాష్ట్రాల 129 స్థానాల్లో 2019లో 29, 2024లోనూ 29. మొత్తం మారలేదు, లోపల అంతా మారింది. కర్ణాటకలో 25 నుంచి 17కి తగ్గింది. తెలంగాణలో 4 నుంచి 8కి పెరిగింది, ఆంధ్రలో 3, కేరళలో త్రిశూర్‌తో తొలి లోక్‌సభ సీటు. తమిళనాడులో రెండుసార్లూ సున్నా. ‘దక్షిణం’ అని ఒకే గంపలో వేస్తే ఇవేవీ కనిపించవు.

ఆంధ్రలో 11 శాతానికి 3 సీట్లు, తమిళనాడులో అదే 11 శాతానికి సున్నా ఎందుకు?

అంకెలు చూడండి: బీజేపీకి ఆంధ్రప్రదేశ్‌లో 11.28 శాతం, తమిళనాడులో 11.24. ఆంధ్రలో పొత్తులో ఆరు స్థానాల్లోనే పోటీ చేసింది. ఆ ఆరింటిలో టీడీపీ, జనసేన ఓట్లు కూడా కమలానికే పడ్డాయి. అనకాపల్లి, రాజమండ్రి, నరసాపురం గెలిచింది. తమిళనాడులో కమలం గుర్తు మీద 23 మంది నిలబడ్డారు, డీఎంకే కూటమికి, అన్నాడీఎంకేకు ఎదురుగా. ఓట్లు రాష్ట్రమంతా పరుచుకున్నాయి, ఎక్కడా మొదటి స్థానానికి చాలలేదు. ఆంధ్రలోని 11 శాతాన్ని బీజేపీ సొంత బలంగా చదివేవారు ఈ తేడాను గమనించాలి.

వైఎస్సార్సీపీకి టీడీపీ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయంటారు, అయినా 4 సీట్లేనా?

అంకె నిజమే, ముక్తాయింపు తప్పు. వైఎస్సార్సీపీకి 39.6 శాతం, టీడీపీకి 37.8. వైఎస్సార్సీపీ 25 స్థానాల్లోనూ పోటీ చేసింది, టీడీపీ 17లోనే చేసి 16 గెలిచింది. మిగిలిన 8 చోట్ల కూటమి ఓటు బీజేపీ, జనసేన ఖాతాలోకి వెళ్లింది. మూడు పార్టీలవీ కూడితే 50 శాతం సులువుగా దాటుతుంది.

ప్రాంతాలవారీగా చూస్తే ఉత్తరాంధ్ర ఐదింటిలో వైఎస్సార్సీపీకి దక్కింది అరకు ఒక్కటే. గోదావరి జిల్లాల నుంచి నెల్లూరు దాకా కోస్తా 12 స్థానాలూ కూటమివే. రాయలసీమ ఎనిమిదింటిలో కడప, రాజంపేట, తిరుపతి వైఎస్సార్సీపీవి, ఐదు టీడీపీవి. తిరుపతిని సీమలో కలిపే లెక్క ఇది. నిజానికి ఆ లోక్‌సభ స్థానంలోని ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో నాలుగు పాత నెల్లూరు జిల్లావి. సీమ లెక్కలు చెప్పేవారు దీన్ని ఎటు వేశారో అడగండి.

తెలంగాణలో బీఆర్‌ఎస్ ఓట్లు ఎటు పోయాయి?

బీఆర్‌ఎస్‌కు 16 శాతానికి పైగా వచ్చి సీటు రాలేదు. కాంగ్రెస్ 40 శాతంతో 8, బీజేపీ 35 శాతంతో 8, మజ్లిస్ హైదరాబాద్. పటం మీద రంగులు వేస్తే నల్గొండ, భువనగిరి, ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ వైపు కాంగ్రెస్. ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్, మెదక్‌తో పాటు రాజధాని చుట్టూ ఉన్న సికింద్రాబాద్, మల్కాజిగిరి, చేవెళ్ల బీజేపీ. నల్గొండలో కాంగ్రెస్ ఆధిక్యం 5.59 లక్షలు, మహబూబ్‌నగర్‌లో బీజేపీ ఆధిక్యం 4,500. ఒక్కో సీటు వెనక ఇంత తేడా. ఓటు ఎవరి నుంచి ఎవరికి మారిందో మాత్రం ఫలితాల పట్టిక చెప్పలేదు. చెబుతున్నట్టు మాట్లాడేవారు ఊహిస్తున్నారంతే.

నోటాకు ఎక్కువ ఓట్లొస్తే ఎన్నిక రద్దవుతుందా?

లోక్‌సభ ఎన్నికల్లో కాదు. మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి చివరి నిమిషంలో తప్పుకున్నాక నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. బీజేపీ అభ్యర్థి 11.75 లక్షల ఆధిక్యంతో గెలిచారు.

## ఫలితాల తర్వాత: పోల్చి చూసేటప్పుడు

పోలింగ్ పెరిగితే ప్రభుత్వం మీద వ్యతిరేకత, తగ్గితే అనుకూలత అంటారు. నిజమా?

2024 అంకెలు దీన్ని బలపరచవు. మధ్యప్రదేశ్‌లో 71 నుంచి 67కి తగ్గింది, బీజేపీ 29కి 29 గెలిచింది. యూపీలో తగ్గింది, బీజేపీ దాదాపు సగం సీట్లు పోగొట్టుకుంది. కేరళలో దాదాపు 78 నుంచి 71కి పడింది, కాంగ్రెస్ కూటమి యూడీఎఫ్ 19 నుంచి 18 అయింది అంతే. తగ్గుదల మూడు చోట్లా ఒకటే, ఫలితాలు మూడు రకాలు. ఎవరు ఓటేయలేదన్నది తెలియకుండా ఎంతమంది వేయలేదన్న దాని నుంచి గెలుపోటములు తీయలేం. టీవీ చర్చల్లో ఈ సూత్రం వినపడగానే నేను ఆపేస్తాను.

2014, 2019, 2024 మూడూ పక్కపక్కన పెట్టుకోవచ్చా?

జాగ్రత్తలు తీసుకుని పెట్టుకోవచ్చు. 2014 పోలింగ్ నాటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. ఏప్రిల్ 30న తెలంగాణ ప్రాంతంలో, మే 7న సీమాంధ్రలో ఓట్లు పడ్డాయి, జూన్ 2న విభజన. కాబట్టి ఆనాటి నివేదికల్లో ‘ఆంధ్రప్రదేశ్’ అంటే 42 స్థానాలు. దాన్ని విడదీయకుండా 2019తో పోలిస్తే తప్పుడు ఫలితం వస్తుంది. పోలవరం ముంపు మండలాలు ఆ తర్వాత తెలంగాణ నుంచి ఆంధ్రలోకి మారాయి: చింతూరు, కూనవరం వైపు అరకులోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరులోకి. అస్సాం, జమ్మూకశ్మీర్‌లలో 2019 తర్వాత నియోజకవర్గాల హద్దులే మారాయి. అక్కడ పేరు అదే ఉన్నా ప్రాంతం అది కాకపోవచ్చు.

మా మండలంలో ఏ పార్టీకి ఎన్ని పడ్డాయో తెలుసుకోవాలంటే?

ఫారం 20 చూడాలి. బూత్‌లవారీగా ప్రతి అభ్యర్థికి వచ్చిన ఓట్లు అందులో ఉంటాయి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో అసెంబ్లీ సెగ్మెంట్లవారీగా పెడతారు. మండలం పేరు అందులో ఉండదు, కాబట్టి పోలింగ్ కేంద్రాల జాబితా కూడా తీసుకుని ఏ బూత్ ఏ ఊరిదో ముందు రాసుకోండి. చాలావరకు స్కాన్ చేసిన కాగితాలే కాబట్టి అంకెలు చేత్తో ఎక్కించుకోవాల్సి వస్తుంది. పోస్టల్ ఓట్లు బూత్‌లకు చెందవు, విడిగా చివర్లో ఉంటాయి. వాటిని ఏ మండలానికీ పంచకండి.